లాకుల ఊరు బర్మింగ్‌హామ్

"బర్మింగ్‌హామ్‌లో పన్నెండు రోజులు ఏం చేస్తావు అక్కా? రెండు రోజులు అమ్మాయిని చూసుకుని మా దగ్గరికి వచ్చేయండి. అదంతా కాంక్రీటు. ఇప్పుడైతే ఊరంతా చెత్త కూడా."

లండన్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మా చిన్నాన్న కొడుకు ఫోనులో అన్న మాటలివి. ఆ ఊళ్ళో తాను ఒక్క రాత్రి కూడా ఉండలేదని తర్వాత తనే చెప్పాడు. బర్మింగ్‌హామ్ గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళలో చాలామంది ఇలాంటివాళ్ళేనని అక్కడికి వెళ్ళాక తెలిసింది. మోటార్‌వే మీద నుంచి చూసినవాళ్ళు, స్టేషనులో రైలు మారినవాళ్ళు. లండన్ తర్వాత ఆ దేశంలో అంత పెద్ద నగరం మరొకటి లేదు. 2021 జనాభా లెక్కల్లో 11 లక్షల 44 వేల పైచిలుకు మంది. అంతటి ఊరికి సొంత దేశంలోనే ఇంత చెడ్డపేరు ఎలా వచ్చిందో చూడాలని నాకు పట్టుదల కలిగింది.

2025 ఉగాది ఇంట్లో చేసుకుని, మర్నాడు, అంటే మార్చి 31న హైదరాబాదులో విమానం ఎక్కాం. సరిగ్గా అదే రోజున పారిశుద్ధ్య కార్మికుల సమ్మె వల్ల పరిస్థితి చేయిదాటిందని అక్కడి నగరపాలక సంస్థ అధికారికంగా ప్రకటించింది. వీధుల్లో 17,000 టన్నుల చెత్త పేరుకుపోయిందట. దుబాయిలో విమానం మారుతుండగా ఫోనులో ఆ వార్త చూసి మావారు నావైపు తిప్పి చూపించారు.

విమానాశ్రయం మాత్రం హాయిగా ఉంది. లండన్ హీత్రూలో నడిచినంత నడక లేదు. అక్కడి నుంచి రైల్వే స్టేషనుకు చిన్న బండి ఉచితంగా తీసుకెళుతుంది. రైలెక్కితే పావుగంటలో నగరం నడిబొడ్డున ఉన్న న్యూ స్ట్రీట్ స్టేషను. ఊరికి చెడ్డపేరు ఎందుకు వచ్చిందో తెలిసే మొదటి చోటు కూడా అదే. ప్లాట్‌ఫారాలన్నీ నేల కింద ఉంటాయి. నెత్తిన కాంక్రీటు కప్పు, గాలిలో డీజిలు వాసన, మధ్యాహ్నం పూట కూడా దీపాల వెలుగు. రైలు మారి వెళ్ళిపోయేవాళ్ళకు బర్మింగ్‌హామ్ అంటే ఇంతే.

మెట్లెక్కి పైకి వస్తే వేరే లోకం. 2015లో కొత్తగా కట్టిన పై హాలులో కప్పు నుంచి ఆకాశపు వెలుగు దిగుతుంది. అక్కడే పది మీటర్ల ఎత్తున ఒక యంత్రపు ఎద్దు నిలబడి తల తిప్పుతూ, తోక ఊపుతూ ఉంటుంది. 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవం కోసం చేసిన ఎద్దు అది. ఆ వేడుకలో దాన్ని లాక్కొచ్చింది పాతకాలపు గొలుసుల కార్మికురాళ్ళ వేషం వేసిన ఆడవాళ్ళు. నగరానికి దగ్గర్లో క్రాడ్లీ హీత్ అనే ఊళ్ళో ఇళ్ళ వెనక కొలిమి పెట్టుకుని ఇనుప గొలుసులు చేసిన ఆడవాళ్ళు 1910లో పది వారాలు పనిమాని కనీస కూలి సాధించుకున్నారు. వాళ్ళ గుర్తుగా అలా చేశారట. ఆ క్రీడల్లోనే మన సింధు బ్యాడ్మింటన్‌లో, నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగులో బంగారు పతకాలు గెలిచారు. ఆ సంగతి అమ్మాయి గుర్తుచేయగానే ఆ ఎద్దు నాకు మన వీధిలోని ఎద్దులాగే అనిపించింది.

అమ్మాయి స్నేహితులతో కలిసి సెల్లీ ఓక్‌లో అద్దెకుంటుంది. అక్కడ మాకు చోటు లేదు. అందుకని మొదటి మూడు రాత్రులకు బ్రాడ్ స్ట్రీట్ దగ్గర ఒక హోటలులో గది తీసుకున్నాం. రాత్రికి 70 పౌండ్లు. నగరం మధ్యలో ఉంటే అన్నీ నడిచి చూడవచ్చనుకున్నాం. అది పొరపాటు. ఆ వీధంతా మద్యం దుకాణాలు, నాట్యశాలలు. తెల్లవారుజామున మూడింటి దాకా అరుపులు, పాటలు. కిటికీ తెరుచుకోదు, మూసినా చప్పుడు ఆగదు. లిఫ్టు రెండో రోజే ఆగిపోయింది. నాలుగో అంతస్తుకు మోకాళ్ళ నొప్పితో ఎక్కాను. రిసెప్షన్ బల్ల దగ్గరున్న అమ్మాయి మర్యాదగా క్షమాపణ చెప్పింది, అంతకు మించి ఏమీ జరగలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు వారాంతంలో ఆ వీధి దగ్గర దిగవద్దని గట్టిగా చెబుతాను.

నాలుగో రోజు హార్బోర్న్‌కు మారాం. బస్సులో ఇరవై నిమిషాల దూరం. ఒక పెద్దావిడ తన పాత ఎర్రిటుకల ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది. పొద్దున్నే రొట్టె, పుట్టగొడుగులు, వేయించిన టమాటాలు, చిక్కుడుగింజలు. మేము మాంసం తినమని చెప్పినందుకు మర్నాటి నుంచి వేరే పెనం వాడింది. గది ఖర్చు పది పౌండ్లు తగ్గింది, నిద్ర దక్కింది. వెనక తోటలో చెర్రీ పూసింది. ఆ వసంతంలో ఇంగ్లండులో ఎండ బాగా కాసింది. ఆ పెద్దావిడే రోజూ ఆశ్చర్యపోయేది.

ఇక ఆ కాంక్రీటు సంగతి. మా తమ్ముడి మాట అబద్ధం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ ఊరు, ఆపైన కార్లు తయారుచేసే ఊరు. యుద్ధం తర్వాత కార్ల కోసం నగరం నడిబొడ్డు చుట్టూ పెద్ద రింగురోడ్డు వేశారు, 1971కి పూర్తయింది. దానికోసం పాత భవనాలు ఎన్నో కూల్చారు. మనుషులు రోడ్ల కింద సొరంగాల్లో నడవాల్సి వచ్చింది. ఆ తర్వాత మనసు మార్చుకుని ఆ రోడ్డునే ముక్కలు ముక్కలుగా తీసేశారు. 1974లో తెరిచిన కాంక్రీటు గ్రంథాలయాన్ని 2016లో నేలమట్టం చేశారు. ఈ ఊరి నినాదం 'ముందుకు'. ముందుకు వెళ్ళే తొందరలో ప్రతి తరమూ ముందు తరం కట్టింది పడగొట్టింది. ఇప్పటికీ కొత్త వేగ రైలు స్టేషను కోసం ఒక పక్కంతా తవ్వకాలే.

పాత గ్రంథాలయం బదులు కట్టిన కొత్తది 2013లో మలాలా చేతుల మీదుగా తెరుచుకుంది. తాలిబాన్ల తూటా తగిలిన ఆ పిల్లకు వైద్యం జరిగి, కోలుకున్నది ఈ ఊరి ఆసుపత్రిలోనే. ఆ గ్రంథాలయం గోడల నిండా లోహపు వలయాలతో దూరం నుంచి అల్లిక పనిలా కనిపిస్తుంది. ప్రవేశం ఉచితం. ఏడో అంతస్తు తోటలో నిలబడితే ఊరంతా కనిపిస్తుంది. అక్కడి నుంచి చూశాకే ఇది ఇంత పచ్చని ఊరని నమ్మాను. భవనాలు బాగానే ఉన్నాయి గానీ, డబ్బు లేక ఈ గ్రంథాలయం తెరిచి ఉంచే గంటలు తగ్గించేశారని అక్కడ చదువుకుంటున్న కుర్రాడు చెప్పాడు. అంత పెద్ద భవనం కట్టి తలుపు తీసే గంటలు తగ్గించడం మనసుకు బాధ కలిగించింది.

ఈ ఊరిని నిజంగా చూడాలంటే రోడ్డు దిగి కాలువ గట్టుకు రావాలి.

నేను గోదావరి డెల్టాలో పుట్టాను. మా నాన్న మమ్మల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళి లాకులు చూపించేవాడు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక కాలువల్లో పడవలు ఎక్కుతూ దిగుతూ వెళ్ళడానికి కట్టినవి. లాకు అంటే నీటికి మెట్టు. ఒక తలుపు మూసి, నీళ్ళు నింపి, పడవను పైకి లేపి, రెండో తలుపు తీస్తారు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున, పెద్ద పెద్ద భవనాల కాళ్ళ దగ్గర, ఫార్మర్స్ బ్రిడ్జి అనే చోట అలాంటి లాకులు వరసగా 13 ఉన్నాయి. మొదటిసారి మెట్లు దిగి చూసినప్పుడు నాకు మాట రాలేదు. మనవాటిలా వెడల్పు కావు. ఏడడుగుల పడవ ఒరుసుకుంటూ పట్టేంత సన్నం. కానీ ఆ నల్లటి బరువైన తలుపు, దాన్ని తోసే పొడవాటి దూలం, సందుల్లోంచి చిమ్మే నీటి చప్పుడు, నాచు వాసన, అన్నీ మావే.

వెనిస్‌లో కన్నా తమ ఊళ్ళో కాలువలు పొడవని ఇక్కడివాళ్ళు ప్రతి ఒక్కరికీ చెబుతారు. వెనిస్ అందం ఇక్కడ లేదు, ఆ పోలిక వీటికి అక్కర్లేదు కూడా. ఇవి బొగ్గూ ఇనుమూ మోసిన కాలువలు. రైళ్ళు రాకముందు ఊరి ఫ్యాక్టరీలన్నిటికీ ఇవే దారులు. ఒక ఇనుప వంతెన దగ్గర మావారు వంగి అంచు మీద వేళ్ళు పెట్టి చూపించారు. ఇనుములో వేలు పట్టేంత లోతున గాడులు! గట్టు మీద నడిచే గుర్రాలు పడవల్ని తాళ్ళతో లాగేవి. తడిసి ఇసుక అంటిన ఆ తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఇనుమును కోశాయి. వాలులో గుర్రం డెక్క జారకుండా ఇటుకలను అడ్డంగా ఎత్తి పేర్చారు. వాటి మీద ఇప్పుడు సైకిళ్ళు గడగడలాడుతూ పోతున్నాయి.

కాస్త ముందుకెళితే గ్యాస్ స్ట్రీట్ బేసిన్. అక్కడ రెండు కంపెనీల కాలువలు ఎదురెదురుగా వచ్చి కలవాలి. కానీ తన నీళ్ళు అవతలివాళ్ళకు పోతాయన్న భయంతో పాత కంపెనీ కలవనివ్వలేదు. 1795 నుంచి మధ్యలో ఏడడుగుల మందాన గట్టు అడ్డం పెట్టింది. ఇరవై ఏళ్ళ పాటు ఇటు పడవలోని సరుకంతా మనుషులు చేతులతో ఎత్తి అటు పడవలో వేశారు. 1815లో గట్టు తెంచి లాకు కట్టాకే పడవ దాటింది. ఏడడుగుల కోసం ఇరవై ఏళ్ళ కూలి! ఆ గట్టు ఇప్పటికీ ఉంది. దానికి పడవలు కట్టుకుని జనం అందులోనే కాపురం ఉంటున్నారు. ఒక పడవ కప్పు మీద పుదీనా కుండీ, ఇంకో దాని మీద పిల్లి.

నగల పేట అంటే జువెలరీ క్వార్టర్‌కు ట్రాములో వెళ్ళవచ్చు. 1773 నుంచి ఈ ఊళ్ళోనే బంగారం, వెండి నాణ్యత పరీక్షించి ముద్ర వేస్తున్నారు. సముద్రం కనుచూపు మేరలో లేని ఈ ఊరి ముద్ర లంగరు గుర్తు. వెండి చెంచా వెనక ఆ లంగరు కనిపిస్తే అది బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసినదని అర్థం. ఇప్పటికీ వీధుల్లో చిన్న చిన్న పనివాళ్ళ అంగళ్ళున్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడి కలం మ్యూజియం. పాత పాళీల ఫ్యాక్టరీలోనే పెట్టారు. 19వ శతాబ్దంలో ప్రపంచమంతా సిరాబుడ్డిలో ముంచి రాసిన ఉక్కు పాళీల్లో ఎక్కువ భాగం ఇక్కడ చేసినవే. జోసెఫ్ గిల్లాట్ పేరు చెక్కిన పాళీ ఒకటి మా తాతగారి పెట్టెలో ఉండేది. ఆయన దాంతోనే మా ఇంటి దస్తావేజు రాశారు. ఆ పేరును గాజు పెట్టెలో చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

అక్కడి స్వచ్ఛంద సేవకురాలు ఒక చేతి ప్రెస్సు ముందు నన్ను నిలబెట్టి పాళీ చేయించింది. సన్నటి ఉక్కు రేకు లోపల పెట్టి పిడి లాగాలి. ఒకసారి లాగితే ఆకారం, మళ్ళీ ఇంకో యంత్రం మీద చిల్లు, మరోదాని మీద వంపు. ఒక్క పాళీకే నా భుజం పట్టేసింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చిన్న పిల్లలు. రోజుకు వేలకొద్దీ చేసేవాళ్ళు, మాట్లాడితే జరిమానా.

అలాంటివాళ్ళు బతికిన ఇళ్ళు హర్స్ట్ స్ట్రీట్ మూల మీద ఒక గుంపు మిగిలాయి. వీపులు ఆనించి కట్టిన ఇళ్ళు. వీధివైపు ఒక కుటుంబం, వెనక ముంగిలివైపు ఒక కుటుంబం, మధ్యలో ఒకే గోడ. వేల సంఖ్యలో ఉన్నవన్నీ కూల్చేస్తే ఈ ఒక్క వాడ మిగిలింది. జాతీయ వారసత్వ సంస్థ బాగుచేసి 2004లో తెరిచింది. గైడుతోనే లోపలికి వెళ్ళాలి, ముందే చెప్పి ఉంచుకోవాలి. మెట్లు నిటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. నేను కష్టపడే ఎక్కాను. ఎక్కినందుకు సంతోషించాను. ఈ ఊళ్ళో ఒక్కటే చూడగలిగితే ఇది చూడండి అంటాను.

ఇప్పుడు చెత్త సంగతి. నగరం మధ్యలో మాకు చెత్త పెద్దగా కనిపించలేదు. హార్బోర్న్‌లో కొద్దిగా. కానీ బాల్టీ అనే ఇక్కడి కూర తిందామని స్పార్క్‌హిల్ వెళ్ళిన సాయంత్రం పక్క సందులోకి తిరిగితే గుండె ఆగినంత పనైంది. గోడ పొడవునా నల్ల సంచులు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. కొన్ని చినిగి అన్నం, పాల డబ్బాలు, పిల్లల డైపర్లు రోడ్డు మీదికి జారాయి. ఒక తల్లి పిల్లబండిని కాలిబాట దించి కార్ల మధ్య నుంచి తోసుకెళ్ళింది. ఎలుకలు మేము చూశాం. ఆ సందులో ఉండేది ఎక్కువగా పాకిస్తానీ, కాశ్మీరీ, సోమాలీ కుటుంబాలు. చెత్త ఊరన్న పేరు నగరమంతటికీ వచ్చింది, కంపు మాత్రం వాళ్ళ వాకిళ్ళలో ఉంది.

దీని మూలం అడిగితే సెల్లీ ఓక్‌లో అమ్మాయి ఇంటి పక్కాయన ఓపికగా చెప్పాడు. నగరపాలక సంస్థలో వంటమనుషులు, ఊడ్చేవాళ్ళు, వృద్ధుల సేవకులుగా ఉన్న ఆడవాళ్ళకు, అదే స్థాయి పనులు చేసే మగవాళ్ళకు దక్కిన అదనపు చెల్లింపులు దక్కలేదు. వాళ్ళు కోర్టుకెక్కి 2012లో సుప్రీంకోర్టు దాకా గెలిచారు. అప్పటి నుంచి 100 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించారు, ఇంకా బాకీ మిగిలింది. దానికి తోడు కొత్త కంప్యూటర్ వ్యవస్థ ఖర్చు, ప్రభుత్వ నిధుల కోత. 2023 సెప్టెంబరులో డబ్బు లేదని నగరపాలక సంస్థ చేతులెత్తేసింది. మరుసటి ఏడాది ఇంటిపన్ను దాదాపు పది శాతం పెంచారు. చెత్త బండ్ల మీద ఒక ఉద్యోగపు హోదానే తీసేస్తే, జీతాలు తగ్గుతాయని కార్మికులు సమ్మెకు దిగారు. ఆ ఆడవాళ్ళ వల్లే ఊరు మునిగిందని అనేవాళ్ళు ఉన్నారట. నేను ఒప్పుకోను. ఏళ్ళ తరబడి వాళ్ళకు ఎగ్గొట్టిన కూలి అది. ఇవ్వాల్సిన రోజే ఇచ్చి ఉంటే ఇంత అయ్యేది కాదు.

బాల్టీ గురించి రెండు మాటలు. 1970ల మధ్యలో ఇక్కడి పాకిస్తానీ వంటవాళ్ళు పుట్టించిన కూర. పలుచటి ఉక్కు గిన్నెలో పెద్ద మంట మీద వండి, అదే గిన్నెను బుసబుసలాడుతూ బల్ల మీద పెడతారు. నాన్‌తో తుడుచుకు తినాలి, చెంచా ఇవ్వరు. శాకాహారులకు పనీరు, చిక్కుడు, వంకాయ. మన నోటికి కారం చాలదు గానీ, అల్లం, టమాటా మాడీ మాడకుండా వచ్చే ఆ రుచి నాకు నచ్చింది. కూరగాయలకు మాత్రం బుల్ రింగ్ అనే చోట ఆరుబయట జరిగే సంతకు వెళ్ళండి. 1166 నుంచి అక్కడ సంత జరుగుతోంది. గిన్నెల్లో పోసి గిన్నెకు పౌండు లెక్కన అమ్ముతారు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర అన్నీ దొరికాయి.

ఏప్రిల్ 6 శ్రీరామనవమి, ఆదివారం. డడ్లీ వైపు వెళ్ళే బస్సెక్కి టివిడేల్‌లో బాలాజీ గుడికి వెళ్ళాం. 2006లో తెరిచిన గుడి. ఒకప్పుడు చెత్త పోసిన నేలను బాగుచేసి తిరుమల పద్ధతిలో కట్టారు. ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస దాటగానే గోపురం కనిపిస్తే నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పానకం, వడపప్పు పంచుతున్నారు. వరసలో నా ముందున్న ఆవిడది తెనాలి, వెనకున్నావిడది కరీంనగర్. లెస్టర్ నుంచి, కోవెంట్రీ నుంచి కూడా తెలుగువాళ్ళు వచ్చారు. బర్మింగ్‌హామ్ దండగ అని మాట్లాడేవాళ్ళు ఈ గుడి మెట్ల మీద ఒక గంట కూర్చుంటే బాగుండునని అనుకున్నాను.

బోర్న్‌విల్‌కు ఒక మధ్యాహ్నం కేటాయించాం. చాక్లెట్ ఫ్యాక్టరీని 1879లో ఊరి బయటికి తెచ్చిన క్యాడ్బరీ అన్నదమ్ములు క్వేకర్లు, అంటే మద్యానికి దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. ఆ చుట్టూ కట్టిన ఊళ్ళో ఇంటింటికీ తోట ఉంది, పబ్బులు లేవు. బ్రాడ్ స్ట్రీట్ రాత్రుల తర్వాత అక్కడి పచ్చిక మీద కూర్చోవడం ఎంత హాయి! మావారు ఎడ్జ్‌బాస్టన్ మైదానం గేటు ముందు ఫోటో దిగారు. జూలైలో సిరాజ్ అక్కడ ఒకే ఇన్నింగ్సులో ఆరు వికెట్లు తీసి, భారత్ ఆ మైదానంలో మొట్టమొదటిసారి టెస్టు గెలిచినప్పుడు ఇంట్లో ఆ ఫోటోకు బంతిపూలు పెట్టారు.

బస్సులు తరచుగా ఉంటాయి, కానీ సాయంత్రం నాలుగు తర్వాత రోడ్లు కదలవు. రైలు మేలు. రాత్రి న్యూ స్ట్రీట్ చుట్టుపక్కల దుకాణాల గుమ్మాల్లో దుప్పట్లు కప్పుకుని పడుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. మాకెవరూ హాని చేయలేదు. చూడటానికే కష్టంగా ఉండేది. ఇక్కడి యాసను బ్రిటన్‌లో వెక్కిరిస్తారని అమ్మాయి చెప్పింది. నాకైతే సాగదీసినట్టు, ఊగినట్టు, చెవికి ఇంపుగా ఉంది. దిగేటప్పుడు బస్సు డ్రైవరుకు ప్రతి ఒక్కరూ థాంక్స్ చెబుతారు. సంతలో అరటిపళ్ళ ఆవిడ చిల్లర ఇస్తూ నన్ను "బాబ్" అంది. నేను ఉలిక్కిపడి చూశాను. చిన్నా పెద్దా, ఆడా మగా అందరినీ ముద్దుగా అలాగే పిలుస్తారట. మా అమ్మ కూడా నన్ను "బాబూ" అనే పిలిచేది.

చివరి సాయంత్రం మళ్ళీ లాకుల దగ్గరికి వెళ్ళాం. ఎర్రటి పడవలో ఒక ముసలి జంట పైకి వస్తున్నారు. ఆయన పడవ పట్టుకున్నాడు, ఆవిడ ఒక్కతే తలుపు దూలం తోస్తోంది. నేను గట్టు దిగి ఆవిడ పక్కన నిలబడ్డాను. చేతులతో కాదు, నడుం ఆనించి వెనక్కి తొయ్యాలని చూపించింది. ఇద్దరం ఆనించాం. కాసేపు ఏమీ కదలలేదు. తర్వాత అవతలి నీరు, ఇవతలి నీరు సమమైనట్టున్నాయి, తలుపు మెల్లగా, చప్పుడు లేకుండా తెరుచుకుంది. పడవ ముందుకు జరిగింది. "టా, బాబ్" అని ఆవిడ నా భుజం తట్టి, రెంచి చేతపట్టుకుని పై లాకు వైపు నడిచింది.